అయిదు వాట్లతో ఆరుబయట: మీరు ఏ యాంటెన్నా వాడుతున్నారు?

మోర్స్_మిత్ర:
క్యూఆర్‌పీ సెట్టుతో, అంటే అయిదు వాట్లు, అంతకు లోపు శక్తితో పనిచేసే హామ్ రేడియోతో, కొండల మీద, పార్కుల్లో పనిచేసే సభ్యుల అనుభవాలు తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. 100 వాట్ల నుంచి 5 వాట్లకు దిగినప్పుడు మనం కోల్పోయేది 13 డెసిబెల్స్, అంటే రెండు ఎస్ యూనిట్లకు (రిసీవర్ మీటరు మీద సిగ్నల్ బలాన్ని చూపే కొలతలు, ఒక్కొక్కటి 6 డెసిబెల్స్) కాస్త ఎక్కువ మాత్రమే. అందుకే సెట్టు కంటే యాంటెన్నా తీగ మీద శ్రద్ధ పెట్టడమే మేలని నా నమ్మకం.

తీగ_పందిరి:
మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్, అంటే ఒక చివర నుంచి సిగ్నల్ అందించే సగం తరంగదైర్ఘ్యపు తీగ, వాడుతున్నాను. 143ను మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది కాబట్టి 14.060 మెగాహెర్ట్జ్‌కి సుమారు 10.2 మీటర్లు చాలు. అయితే ప్లాస్టిక్ తొడుగున్న తీగకు అంతకంటే కొంచెం తక్కువే సరిపోతుంది గనుక, ముందు పొడవుగా ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ (సెట్టుకు, యాంటెన్నాకు పొంతన ఎంత కుదిరిందో చెప్పే నిష్పత్తి) చూసుకుంటూ చివరను మడుస్తూ రావాలి. తీగ చివర ఇంపీడెన్స్ (ఏసీ విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం) రెండు మూడు వేల ఓమ్‌లు ఉంటుంది. దాన్ని సెట్టుకు సరిపడే 50 ఓమ్‌లకు దించడానికి 49:1 ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఒక్క కొమ్మ దొరికితే చాలు, పని జరిగిపోతుంది.

కొండ_గాలి:
ఆ ఒక్క కొమ్మే లేని బోడి శిఖరాల మీద ఏం చేయాలి? నేను ఫైబర్‌గ్లాస్ కర్రకు క్వార్టర్ వేవ్ (పావు తరంగదైర్ఘ్యపు) తీగ చుట్టి నిలువు యాంటెన్నాగా, అంటే వర్టికల్‌గా, నిలబెట్టి, కింద రేడియల్స్ (నేల మీద నలువైపులా పరిచే తీగలు) పరుస్తాను. కార్బన్ కర్ర విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి అది పనికిరాదు. ఉప్పునీటి ఒడ్డున నిలబెట్టిన వర్టికల్ దూరదేశాలకు ఎంత బాగా పలుకుతుందో స్వయంగా వింటే తప్ప నమ్మలేరు. ఉరుము వినిపించిన క్షణమే అన్నీ వదిలి కిందికి దిగిపోవాలి; ఈ విషయంలో మొహమాటం వద్దు.

బ్యాటరీ_బాట:
విద్యుత్తు గురించి ఒక్క మాట చెబుతాను: నాలుగు సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ 12.8 వోల్టుల దగ్గర దాదాపు చివరివరకు నిలకడగా ఉంటుంది. సోటా (సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్, శిఖరాల మీంచి రేడియోలో మాట్లాడే కార్యక్రమం) నియమాల ప్రకారం జనరేటరు వాడకూడదు కనుక శిఖరం మీద ఇదే సౌకర్యం.

మోర్స్_మిత్ర:
ఎండ్ ఫెడ్, వర్టికల్ రెండూ ఉన్నవారు ఒకే చోట రెండింటినీ కట్టి, మోర్స్‌లో సీక్యూ (ఎవరైనా జవాబివ్వండనే పిలుపు) పిలిచి, రివర్స్ బీకన్ నెట్‌వర్క్ (విన్న సిగ్నళ్లను ఆటోమేటిగ్గా ఇంటర్నెట్‌లో నమోదు చేసే రిసీవర్ల వ్యవస్థ) చూపే డెసిబెల్ విలువలను ఇక్కడ రాయగలరా? ఫేడింగ్ (సిగ్నల్ బలం హెచ్చుతగ్గులవడం) వల్ల ఒక్కసారి చూసింది నమ్మదగినది కాదు గనుక, నిమిషాల తేడాతో మార్చి మార్చి పలుమార్లు పిలవండి. ఒకే స్టేషన్ రెండింటినీ విన్న ఫలితాలనే పోల్చండి.