కన్నవాళ్ళకు “కృతజ్ఞతలు” అనొచ్చా?

మా అమ్మకు 78, నాన్నకు 83. వాళ్ళుండగానే నా మనసులో ఉన్నది కాగితం మీద పెట్టి చేతికిద్దామని కూర్చున్నాను. “మీకు నా కృతజ్ఞతలు” అని రాశాక కలం ఆగిపోయింది. సభ చివర వందన సమర్పణలా ఉంది. “ధన్యవాదాలు” మరీ పరాయిగా ఉంది. “మీ రుణం తీర్చుకోలేనిది” అంటే లెక్కలు చూస్తున్నట్టుంది. ఇంట్లోవాళ్ళతో అనదగిన మాట మన భాషలో ఉందా?

జవాబు:
మీకు అడ్డుపడింది ఆ బహువచనమే అనుకుంటాను. “కృతజ్ఞతలు” అనేసరికి అది ఇచ్చేసి చేతులు దులుపుకొనే వస్తువైపోతుంది. “కృతజ్ఞత” అని ఏకవచనంలో పెట్టి విప్పి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగిన, సర్వజ్ఞుడిలోనూ రసజ్ఞుడిలోనూ ఉన్నదే. చేసినది ఎరిగినవాడు కృతజ్ఞుడు. ఎదురుమాట కృతఘ్నుడు. అందులోని “ఘ్న”, శత్రుఘ్నుడిలోని “ఘ్న” ఒకటే, చంపేవాడని అర్థం. ఈ జంటలో ఎక్కడా “చెప్పడం” లేదు చూడండి. ఎరగడం ఉంది, లేదా చంపడం ఉంది.

అసలు చిక్కు అక్కడే. మనకు ఊహ తెలియని రోజుల్లో వాళ్ళు చేసింది మనం ఎరగం. ఎన్ని రాత్రులు మేలుకున్నారో, ఏ కోరిక చంపుకున్నారో, మనకోసం ఎవరిచేత మాటపడ్డారో తెలిసినవాళ్ళు ఆ ఇద్దరే. వాళ్ళు పోయాక కృతం మిగులుతుంది గానీ, ఎరిగే దారి మూసుకుపోతుంది. మా నాన్నతో “మీ రుణం తీరదు” అని చాలాసార్లే అన్నాను. “నేను పుట్టిన ఏడు ఎలా నెట్టుకొచ్చారు నాన్నా” అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

అచ్చతెలుగు మాటే కావాలంటే “కనిపెట్టు” ఉంది. దాగినదాన్ని తెలుసుకోవడం కనిపెట్టడం. పెద్దవాళ్ళ దగ్గరుండి అవసరాలు చూడటం కనిపెట్టుకుని ఉండటం. ఎరుకా సేవా ఒకే క్రియలో ఉన్నాయి. నాకు ఇంతకంటే దగ్గరి మాట తోచడం లేదు.

మొదట అడిగినవారు:
కాగితం పక్కన పెట్టి, రాత్రి అమ్మ మంచం దగ్గర కూర్చుని మీ ప్రశ్నే అడిగాను. “ఇప్పుడవన్నీ ఎందుకురా” అంటూనే గంటసేపు చెప్పింది. అందులో ఒక వాక్యం యథాతథంగా రాస్తున్నాను: “నీకు జ్వరం తగ్గేదాకా మీ నాన్న మూడు రాత్రులు కనిపెట్టుకునే ఉన్నారు.”

నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. “మూడు కాదు, నాలుగు” అన్నారు.