పంజరంలో పాలపిట్టను చూస్తే దసరా దర్శనం అయినట్టేనా?

పొలంగట్టు:
దసరా సాయంత్రం జమ్మి పూజయ్యాక పాలపిట్ట కనిపిస్తే మంచిదని మన పెద్దల నమ్మకం. జమ్మి చెట్టు మీద దాచిన ఆయుధాలు తీసుకుని వస్తున్న పాండవులకు ఈ పిట్ట ఎదురైందని, ఆ తర్వాత వాళ్లకు అన్నీ విజయాలేనని కథ చెబుతారు. ఇప్పుడేమో పంజరంలో పెట్టి తెస్తున్నారు, మనం డబ్బులిచ్చి దండం పెట్టుకుని పోతున్నాం. నా దృష్టిలో అది దర్శనమే కాదు. ఊరు దాటి పొలాల వైపు వెళ్లేది పిట్ట తనంతట తాను ఎదురుపడాలనే కదా? మీరేమంటారు?

జమ్మికొమ్మ:
అన్నా, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల సంగతేంటి మరి? మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడమే కష్టం. పిట్టను చూడందే ఆమెకు పండగ అయినట్టు ఉండదు. పంజరం తెచ్చేవాళ్లు కూడా పేదవాళ్లే, నాలుగు డబ్బులు వస్తాయని తిరుగుతారు. ఒక్క పూటకు పిట్టకేమవుతుంది? సాయంత్రం వదిలేస్తారు కదా.

నీలిరెక్క:
ఒక్క పూటతో పోదమ్మా. పండగకు ముందే పట్టి ఉంచుతారు. ఎగరకుండా రెక్కలు కత్తిరిస్తారు, కాళ్లు కడతారు, కొన్నిచోట్ల ఈకలకు జిగురు కూడా పూస్తారు. పాలపిట్ట గింజలు తిని బతికేది కాదు. కరెంటు తీగ మీద కూర్చుని, కింద మిడతో పురుగో కదిలితే ఒక్కసారిగా దిగి పట్టుకుంటుంది. రెక్క తెగినదాన్ని సాయంత్రం వదిలేస్తే ఏం తిని బతకాలి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం నేరం.

అసలే వీటి సంఖ్య తగ్గుతోంది. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఈ పక్షి స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక సూచించింది. తెలంగాణ రాష్ట్ర పక్షి పరిస్థితి ఇది.

కృష్ణాతీరం:
ఆంధ్రలో 2018లో రాష్ట్ర పక్షిగా రామచిలుకను ప్రకటించారు. అయినా మా వైపు దసరాకు వెతుక్కునేది పాలపిట్టనే. జీవో మారినంత మాత్రాన జనం మనసులోంచి పోదు. అందుకే పంజరం వద్దని చట్టం పేరు చెప్పి బెదిరిస్తే ఎవరూ వినరు, ఇంట్లో పెద్దవాళ్లతోనే చెప్పించాలి.

పొలంగట్టు:
పెద్దవాళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. కూర్చుని ఉన్నప్పుడు ఈ పిట్టను చూస్తే ఏముంది, గోధుమరంగు ఛాతీ, పెద్ద తల, దుమ్ముకొట్టుకున్నట్టే ఉంటుంది. రెక్క విప్పిందా, ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా మెరుస్తాయి. దండం పెట్టాలనిపించేది ఆ క్షణంలోనే. కాళ్లు కట్టేసిన పిట్టలో మీ అత్తమ్మకు అది కనిపించదమ్మా. ఆటోలోనో కారులోనో కూర్చోబెట్టి పొలాల మధ్య రోడ్డు మీద నెమ్మదిగా తీసుకెళ్లండి, దిగే పని కూడా లేదు. ఇక పట్టేవాళ్ల బతుకుతెరువంటారా, పిట్ట ఏ తీగ మీద వాలుతుందో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. పంజరానికి ఇచ్చే డబ్బేదో దారి చూపినందుకు ఇద్దాం.

జమ్మికొమ్మ:
రెక్కలు కత్తిరిస్తారని తెలియదన్నా. పంజరం పిట్టకు ఇకమీదట మా ఇంట్లోంచి రూపాయి కూడా వెళ్లదు. కానీ పండగ రోజు ఇంటిల్లిపాదీ పనుల్లో ఉంటారు, బండి లేనివాళ్లూ ఉన్నారు. ఒక్కో కాలనీవాళ్లు కలిసి ఒక బస్సు మాట్లాడుకుంటే కుదురుతుందా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.