సొంతంగా కుట్టుపని చేసుకునేవాళ్లు సెలవు ఎప్పుడు పెడతారు?

ప్రశ్న:
తెనాలిలో ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడతాను. పదకొండేళ్లలో వరుసగా మూడు రోజులు మిషను ఆపింది లేదు. అక్కతో అరుణాచలం వెళ్లాలని ఉంది. తలుపు మూస్తే గుడ్డ పట్టుకుని పక్క వీధికి పోతారేమోనని భయం. మీరెలా వెళ్తున్నారు?

జవాబు:
ఆషాఢంలో వెళ్లండమ్మా, పెళ్లిళ్లు ఉండవు. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం జాకెట్లతో ఊపిరాడదు. పౌర్ణమికి వెళ్తే గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. రోజంతా మిషను ముందు వంగే నడుము కదా, ముందునుంచే కాస్త నడక అలవాటు చేసుకోండి.

మరో జవాబు:
నాది ఫోన్ల మరమ్మతు కొట్టు. వెళ్లే తేదీ, తెరిచే తేదీ అట్ట మీద రాసి పది రోజుల ముందే తగిలించండి. ఒప్పుకున్నవన్నీ ఇచ్చేసి కదలండి. ఒకసారి ఇవ్వకుండా తిరుమల వెళ్లాను. దర్శనం చేసుకుని, అప్పగించిన ఫోను తీసుకునేసరికి ఒకే మనిషి నుంచి 27 మిస్డ్ కాల్స్! లడ్డూ కూడా సహించలేదు.

అడిగినవారు:
ఆషాఢమే ఖాయం. పాత చీర పెట్టె అట్ట చింపి ఇప్పుడే రాశాను. ‘సోమవారం తెరుస్తాను’ అని రాసి, కొట్టేసి, మంగళవారం చేశాను. వచ్చాక ఒక రోజు పడుకోవాలి.