పీఈటీ ఫిల్మ్‌పై ఐటీఓ పూత: గాజుపై వచ్చిన వాహకత ఎందుకు రావడం లేదు?

ప్రశ్న:
90:10 ఇండియం టిన్ ఆక్సైడ్ (ఐటీఓ, విద్యుత్తును ప్రవహింపజేసే పారదర్శక పదార్థం) టార్గెట్‌తో, ఆర్‌ఎఫ్ మాగ్నెట్రాన్ స్పట్టరింగ్ (వాక్యూమ్ చాంబర్‌లో ప్లాస్మాతో టార్గెట్ నుంచి పరమాణువులను రాల్చి పూత వేసే పద్ధతి) ద్వారా, 125 మైక్రోమీటర్ల పీఈటీ (పాలిఎస్టర్ ప్లాస్టిక్) ఫిల్మ్‌పై 120 నానోమీటర్ల పూత వేస్తున్నాను. ఇవే సెట్టింగులతో గాజుపై షీట్ నిరోధం (పలుచని పూత విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) చదరానికి 50 ఓమ్‌లు వచ్చింది. పీఈటీపై మాత్రం 180 కంటే తగ్గడం లేదు. పైగా పూత ఉన్న వైపు ఉబ్బి ఫిల్మ్ చుట్టుకుపోతోంది. పూత పైకి ఉండేలా పెన్సిల్‌కు చుట్టి విప్పితే నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతోంది. 200 డిగ్రీల సెల్సియస్‌లో వేడి చేద్దామంటే పీఈటీ తట్టుకోదు.

జవాబు 1:
ఆ రెండూ ఒకే రన్‌లో వేశారా, వేర్వేరుగానా? పీఈటీ తేమను పట్టి ఉంచుకుంటుంది. ప్లాస్మా వేడికి ఆ నీటి ఆవిరి బయటపడి, విడిపోయి, పూతలోని ఆక్సిజన్ పాళ్లను మార్చేస్తుంది. ఐటీఓ వాహకతలో కొంత భాగం ఆక్సిజన్ కొద్దిగా తక్కువగా ఉండటం వల్లే వస్తుంది కనుక ఈ మార్పు చిన్నదేమీ కాదు. గాజు ముక్కను పీఈటీ పక్కనే పెట్టి ఒకసారి వేయండి. గాజుపై పూత కూడా పాడైతే లోపం చాంబర్ వాయువుల్లో ఉంది. పీఈటీపై మాత్రమే పాడైతే దాని ఉపరితలంలో ఉంది. వేడి ఆలోచన మానుకోండి, పీఈటీ 70–80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది.

ప్రశ్నకర్త:
పక్కపక్కనే పెట్టి వేశాను, గాజుపై కూడా 170 వచ్చింది! ఫిల్మ్‌ను వాక్యూమ్ ఓవెన్‌లో 60 డిగ్రీల వద్ద ఆరబెట్టి, రాత్రంతా పంపింగ్‌లో ఉంచి, మధ్యమధ్య ప్లాస్మా ఆపుతూ వేస్తే పీఈటీపై 65కి దిగింది. వంచితే పూత పగిలి నిరోధం పెరిగే సంగతి మాత్రం అలాగే ఉంది.

జవాబు 2:
ఆ పగుళ్ల సమస్య వాహకతకు సంబంధించినది కాదు, జ్యామితికి సంబంధించినది. వంచినప్పుడు పైపొరలో కలిగే సాగుదల, దాదాపుగా, ఫిల్మ్ మందాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. మీ పెన్సిల్ వ్యాసార్ధం 4 మిల్లీమీటర్లు అనుకుంటే అది 1.6 శాతం, ఐటీఓ సాధారణంగా 1–2 శాతం మధ్యనే పగులుతుంది. 50 మైక్రోమీటర్ల పీఈటీ వాడితే అదే వంపులో 0.6 శాతమే అవుతుంది. చుట్టుకుపోవడానికి కారణం పూతలోని సంపీడన ఒత్తిడి. చాంబర్‌లోని ఆర్గాన్ వాయువు పీడనం కొంచెం పెంచితే తగ్గుతుంది, కానీ మరీ పెంచితే పూత సాంద్రత పోతుంది. నిరోధం ఇంకా తగ్గించాలని ఐటీఓను మందంగా వేయడం నా దృష్టిలో పొరపాటు: మందం పెరిగేకొద్దీ పగుళ్లు ముందే వస్తాయి. రెండు పలుచని ఐటీఓ పొరల మధ్య 10 నానోమీటర్ల వెండి వేసి చూడండి. వంచిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూసేటప్పుడు, వంపు అక్షానికి సమాంతరంగా సాగే సన్నని గీతల కోసం వెతకండి. నిరోధాన్ని ఆ గీతల వెంట ఒకసారి, వాటికి అడ్డంగా ఒకసారి కొలిస్తే నష్టం ఎంతో తెలుస్తుంది.