ఫెండరా, గిబ్సనా, ఐబానెజా: జాతర స్టేజీకి ఒకే గిటార్ కొనాలంటే ఏది?

రేణిగుంట_రిథమ్:
మాది చిన్న ఆర్కెస్ట్రా. తిరుపతి చుట్టుపక్కల పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, మే నెలలో గంగ జాతర. ఒకే రాత్రిలో ఇళయరాజా మెలోడీ, ఆ వెంటనే మాస్ బీటు, మధ్యలో పెద్దలడిగితే ఒక అన్నమయ్య కీర్తన. ఇప్పుడు వాయిస్తున్నది అరువు గిటార్, ఇక సొంతంగా ఒకటి కొనాలి. మా లీడ్ తమ్ముడు ఫెండర్ వాళ్ల స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) అంటాడు. కీబోర్డు అన్న గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ కాకపోతే గిటారే కాదంటాడు. అమెరికాలో చేసినవి మాకందవు కాబట్టి ఆ రెండు కంపెనీల చౌక బ్రాండ్లు స్క్వయర్, ఎపిఫోన్, ఇండోనేషియాలో తయారైన ఐబానెజ్, యమహా రేంజిలోనే చూస్తున్నాం. టోను ముఖ్యం, అన్ని పాటలకీ సరిపోవాలి. కొత్తదనం ఏ కంపెనీదో కూడా తేల్చండి, ఇంట్లో గొడవ ఆగుతుంది.

అలిపిరి_యాంప్:
స్ట్రాట్. ఇందులో చర్చేముంది? 1954 నాటి డిజైను, ఇప్పటికీ సగం కంపెనీలు దాన్నే కాపీ కొడుతున్నాయి. మెల్లగా మీటితే ఒక గొంతు, గట్టిగా కొడితే ఇంకో గొంతు. పికప్‌ని (తీగల కింద ఉండి వాటి కదలికని కరెంటుగా మార్చే ముక్కని) ఎంచుకోడానికి మొదట్లో మూడు పొజిషన్ల స్విచ్చే ఉండేది. వాయించేవాళ్లు దాన్ని మధ్యలో ఇరికించి రెండు పికప్‌ల టోను పట్టారు. అయిదు పొజిషన్ల స్విచ్ కంపెనీ పెట్టేసరికి 1977 అయింది. లియో ఫెండర్‌కి గిటార్ వాయించడమే రాదు, ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. అందుకే నాలుగు స్క్రూలు విప్పితే మెడ ఊడి వస్తుంది. రిపేరు తెలిసినవాడు చేసిన వస్తువు అది.

చిత్తూరు_హంబకర్:
అలిపిరి అన్నా, జాతర స్టేజీ మీద ఎప్పుడన్నా స్ట్రాట్ ప్లగ్ చేసి చూసినావా? పక్కనే జనరేటరు, తలమీద సీరియల్ సెట్లు, లైట్లకి డిమ్మరు, ఎర్తింగ్ ఎట్లుంటాదో ఆ దేవుడికే తెలియాల. పాట ఎత్తుకోకముందే గుయ్యిమని మోత. స్ట్రాట్‌లో ఉండే సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగే కదా, తీగల కదలికతో పాటు కరెంటు వైర్ల 50 హెర్ట్జ్ హమ్ము కూడా పట్టేస్తాది. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ దీనికే మందు కనిపెట్టినాడు, దాని పేరే హంబకర్. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, ఒకదాని తీగ చుట్టిన దిశా, అయస్కాంతం దిశా రెండూ తిరగేసినాడు. హమ్ము ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాది, తీగ శబ్దం మాత్రం కలుస్తాది. 1955లో పేటెంటుకి పెట్టినారు, 1957కల్లా లెస్ పాల్‌లోకి వచ్చేసింది. కొత్తదనం అంటే అదీ. టోను కూడా లావుగా, నిండుగా ఉంటాది.

అలిపిరి_యాంప్:
ఈ కాలం స్ట్రాట్‌లలో చాలావాటికి మధ్య పికప్ తిరగేసి చుట్టి ఉంటుంది తమ్ముడూ. 2, 4 పొజిషన్లలో హమ్ము పోతుంది. లోపల రాగి రేకు అంటిస్తే ఇంకొంత తగ్గుతుంది. మరి లెస్ పాల్ తలకాయ సంగతేంటి? తల వెనక్కి 17 డిగ్రీలు వాలి ఉంటుంది, సరిగ్గా అక్కడే ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల పెట్టే కడ్డీ) కోసం చెక్కని తొలిచి పలచన చేస్తారు. స్టాండు మీదనుంచి ఒక్కసారి పడితే టప్‌మని విరుగుతుంది. చిత్తూరు బస్సు డిక్కీలో వేసి పంపు, తెలుస్తుంది. కొత్తదనమా? 2015లో దానంతటదే శ్రుతి చేసుకునే మోటారు బిరడాలు బలవంతంగా తగిలించారు, కొన్నవాళ్లు పీకి పారేశారు.

తోడి_గాంధారం:
నేను వీణ నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు గిటార్ మీద కీర్తనలు వాయిస్తున్నాను. మీరిద్దరూ పికప్ దగ్గరే ఆగిపోయారు అన్నా. అన్నమయ్య కీర్తన ఉందన్నారు కదా, గమకం మాట ఎవరూ ఎత్తలేదేం?

రి, మ మధ్య ఊగే తోడి రాగం గాంధారాన్ని తీగ లాగి పలికించాలంటే ఫ్రెట్‌బోర్డు (మెడ మీద వేళ్లు నొక్కే పలక) వంపు చాలా ముఖ్యం. పాతకాలపు స్ట్రాట్ వ్యాసార్థం 7.25 అంగుళాలు, అంటే బాగా గుండ్రం. పై ఫ్రెట్లలో తీగని గట్టిగా లాగితే వంపు ఎక్కి ముందరి ఫ్రెట్టుకి తగులుతుంది, స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. ఇప్పటివి ఎక్కువగా 9.5. గిబ్సన్ 12, పైగా దాని స్కేలు (తీగ మోగే పొడవు) 24.75 అంగుళాలు కాబట్టి 25.5 ఉన్న స్ట్రాట్ కన్నా తీగ మెత్తగా లొంగుతుంది. ఐబానెజ్ వాళ్ల ఆర్జీ మోడల్ మెడ ఇంకా చదును, 400 మిల్లీమీటర్లు, అంటే 16 అంగుళాలకి కాస్త తక్కువ. వీణకి 24 మెట్లు, దీనికీ 24 ఫ్రెట్లే.

ఒక్క జాగ్రత్త. ఫ్లాయిడ్ రోజ్ లాంటి తేలే బ్రిడ్జి (తీగలు ఆనే ముక్క, స్ప్రింగుల మీద కదిలేది) ఉన్నది మాత్రం వద్దు. ఒక తీగ లాగగానే బ్రిడ్జి ముందుకు వాలి మిగతా తీగలు కిందికి జారతాయి. గాంధారం ఊపుతుంటే పక్కన మోగే షడ్జం కూడా ఊగితే వినలేం. ఆర్జీ421 లాంటి కదలని బ్రిడ్జి చూడండి. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు నాలుగు జంట తీగల వాద్యాన్ని అయిదు ఒంటి తీగలకి మార్చుకున్నారు. ఆ మార్పు ఏ కంపెనీ ఇచ్చింది?

శేషాచలం_షెడ్డు:
అక్క చెప్పింది కరెక్టు. ఫ్లాయిడ్ రోజ్‌లో ఒక తీగ తెగితే మిగిలినవన్నీ శ్రుతి పైకి పోతాయి. జాతర మధ్యలో తెగితే ఇక కీబోర్డే దిక్కు. కొత్తదనంలో మాత్రం నా ఓటు ఐబానెజ్‌కే. 1977లో తల ఆకారం కాపీ కొట్టారని గిబ్సన్ వైపువాళ్లు వాళ్ల మీద కేసు వేశారు. పదేళ్లకి, 1987లో, ఆర్జీ, జెమ్ వచ్చాయి. 1990లో ఏడు తీగల యూనివర్స్. కాపీతో మొదలెట్టినోళ్లే ముందుకెళ్లారు. చెక్క గురించి అడగొద్దు, ఎలక్ట్రిక్‌లో దాని వాటా ఎంతో తేలదు. (మన ఎర్రచందనానికి జపాన్‌లో షామిసెన్ మెడల కోసం గిరాకీ. ఆ వాద్యంలో చెక్కకి విలువ ఉంది, ఇక్కడ రంగుకే.)

చిత్తూరు_హంబకర్:
ఆర్జీలో మెలోడీకి ఆ గాజు లాంటి క్లీన్ టోను యాడ వస్తాది? స్ట్రాట్‌ని తిట్టినా గానీ క్లీన్‌లో దాన్ని కొట్టేది లేదు, అది ఒప్పుకోవాల.

రేణిగుంట_రిథమ్:
అందుకే యమహా పసిఫికా 112వీ మీద కన్నుపడింది. ముందు రెండు సింగిల్ కాయిల్స్, బ్రిడ్జి దగ్గర హంబకర్, టోన్ నాబ్ పైకి లాగితే అదీ సింగిల్ కాయిల్ అవుతుంది. పేరు చూసి స్టేజీ మీద ఎవడూ విజిల్ వేయడు, అంతే లోటు.

అలిపిరి_యాంప్:
అది స్ట్రాటే కదా, తల మీద వేరే స్టిక్కరు!

తోడి_గాంధారం:
దానికీ ట్రెమలో బ్రిడ్జే (కదిలేదే), కానీ వెనక స్ప్రింగులు బిగించి చెక్కకి ఆనించేయొచ్చు. తీగలు సన్నటివి, 9 సెట్టు వేయించండి.

చిత్తూరు_హంబకర్:
9 సెట్టా! మాస్ బీటుకి వీళ్ల లీడ్ తమ్ముడు రెండో పాటకే తెంపేస్తాడక్కా. కాస్త లావుండే 10 ఎయ్ రేణిగుంట అన్నా, తోడి అడిగేవాడు జాతరకి రాడు.