ఫిబ్రవరి 11న ఘంటసాల సంగతి కాక ఇంకేం జరిగింది?

మాది కావలి. నాన్న కాలం నుంచి మైక్ సెట్ షాపు. ఫిబ్రవరి 11న ఘంటసాల వర్ధంతికి మా వీధిలో ఆర్కెస్ట్రా పెట్టారు. యాంకరింగ్ చేసే కుర్రాడు "పాటల మధ్యలో చెప్తాను, అదే తేదీన సంగీతంలో ఇంకేమేం జరిగాయో కనుక్కో బాబాయ్" అని నా మీద పెట్టాడు. పోయిన సంవత్సరం ఇంకొకాయన ఘంటసాల డిసెంబర్ 4న పోయాడని మైకులో చెప్పేశాడు. అది పుట్టినరోజు సామీ! ముందు వరసలో పెద్దాయనొకరు లేచి వెళ్లిపోయారు. నాకు తెలిసింది 1974 ఒక్కటే, మద్రాసులో, 51 ఏళ్లకే.

ఇంకొకటి. భగవద్గీతతో మొదలుపెట్టమంటున్నారు. మా ఊళ్లో ఆ గొంతు వినపడితే "ఎవరు పోయారు?" అని పక్క వీధి వాళ్లు వచ్చేస్తారు. ఏం చేయమంటారు?

—

అన్నా, ఒంగోలు నుంచి. 1963 ఫిబ్రవరి 11న లండన్‌లో ఇంగ్లిష్ బ్యాండ్ బీటిల్స్ తమ మొదటి ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కోసం ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. ఆ రోజు వాళ్ల గాయకుడు జాన్ లెనన్‌కి జలుబు. గొంతు చించుకుని అరవాల్సిన పాట ముందే పాడితే మిగతావన్నీ పోతాయని దాన్ని చివరికి ఉంచారు. రాత్రి పది దాటాక మొదటి టేక్ ఓకే. రెండోది మొదలెడితే గొంతు లేదు. 2012లో అదే తేదీన అమెరికన్ గాయని విట్నీ హ్యూస్టన్ పోయింది, 48 ఏళ్లు, గ్రామీ అవార్డులకు ముందురోజు. ఇది ఒక్క ముక్కలో చెప్పించు, చాలు.

—

నెల్లూరు వాళ్లం బాలు పేరెత్తకుండా ఉండలేం కానీ, ఆయన మొదటి పాట రికార్డింగ్ 1966 డిసెంబర్ 15న. తేదీ కలవదు, ఇరికించొద్దు. డిసెంబర్‌లో ఇంకో ప్రోగ్రాం పెట్టుకోండన్నా. గీత మాత్రం చివర్లో వేయండి. ఆ రికార్డు బయటికొచ్చింది ఘంటసాల పోయాకే. ఆ మాట ముందు చెప్పి వేస్తే ఎవరూ కంగారుపడరు.

—

కావలి నుంచి మళ్లీ నేనే. గీత చివరికే. జలుబు సంగతి మా గాయకుడికి చెప్పాను, వారం నుంచి ఆయనా ముక్కు చీదుతూనే ఉన్నాడు. లిస్టులో రెండోదిగా ఉన్న, గొంతుకు బాగా పని పెట్టే 'శివశంకరీ'ని గీతకు ముందుకి జరిపాం. మాకు రెండో టేక్ కూడా ఉండదు కదా.