త్వరితంగా, బొమ్మలతో వెలువడే ఓపెన్ యాక్సెస్ వైద్య జర్నల్‌కు పత్రం పంపవచ్చా?

ప్రశ్న: శ్రావణమేఘం

సభ్యులందరికీ నమస్కారం. శస్త్రచికిత్స తరువాతి నొప్పిని తగ్గించే రెండు నెర్వ్ బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే) పద్ధతులను పోల్చి మా విభాగంలో ఒక చిన్న క్లినికల్ ట్రయల్ చేశాము. ఫలితాలను పత్రంగా రాసి పంపే బాధ్యత నా మీద పడింది. మా ప్రొఫెసర్ గారు పేరున్న పాత చందా జర్నల్‌కే పంపమంటున్నారు. అక్కడ మొదటి నిర్ణయం రావడానికే నెలలు పడుతుంది, ప్రచురితమైన తరువాత కూడా చందా కట్టిన సంస్థలవారికి తప్ప మిగిలినవారికి సారాంశమే దక్కుతుంది. నేను చూసిన మరో జర్నల్ పూర్తిగా ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. పీర్ రివ్యూ (అదే రంగంలోని నిపుణుల సమీక్ష) చేయిస్తూనే కొన్ని వారాల్లో నిర్ణయం చెబుతామంటోంది, పత్రంతో పాటు ఒక విజువల్ అబ్‌స్ట్రాక్ట్‌నూ, బ్లాక్ చేసే విధానాన్ని చూపే చిన్న వీడియోనూ జతచేయమంటోంది.

ఇంత త్వరగా జరిగే సమీక్షను సమీక్షగా లెక్కించవచ్చా? బొమ్మ రూపంలో ఇచ్చే సారాంశం చదివే వైద్యుడికి నిజంగా ఉపయోగపడుతుందా, లేక అది పత్రానికి ప్రకటన మాత్రమేనా? అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం: పాత ఎడిటర్

శ్రావణమేఘం గారికి, ఒక జర్నల్ సంపాదక వర్గంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కనుక ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చెబుతాను. సమీక్షకుడు ఒక పత్రాన్ని చదివి, లెక్కలు సరిచూసి, అభిప్రాయం రాయడానికి నిజంగా వెచ్చించేది కొన్ని గంటలే. మిగిలినదంతా ఎదురుచూపే. పత్రం ఎడిటర్ దగ్గర పడి ఉంటుంది; సమీక్షకు పిలిచినవారు ఒకరి తరువాత ఒకరు తీరిక లేదంటారు; ఒప్పుకున్నవారు గడువు ముంచుకొచ్చే దాకా ఫైలు తెరవరు; అన్నీ అయ్యాక తిప్పికొడితే, రచయిత రిఫరెన్సుల శైలి మొదలుకొని పట్టికల గీతల దాకా అన్నీ మార్చుకొని ఇంకో జర్నల్‌లో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈ ఎదురుచూపును తగ్గించి వేగం సాధించిన జర్నల్‌ను తప్పుపట్టవలసిన పని లేదు. చదవడాన్నే తగ్గించిన జర్నల్ జోలికి మాత్రం పోవద్దు.

ఈ రెండు రకాలనూ బయటినుంచే చాలావరకు గుర్తుపట్టవచ్చు. ఆ జర్నల్‌లో మీ రంగానికి చెందిన కొన్ని పత్రాలు తెరిచి, అందిన తేదీ, సవరించిన తేదీ, ఆమోదించిన తేదీ వరుసగా చూడండి. రోగుల మీద జరిపిన ట్రయల్ పత్రాలు సైతం సవరణ అడగకుండానే పది రోజుల్లో ఆమోదం పొందుతుంటే అక్కడ ఎవరూ చదవడం లేదనుకోవచ్చు. సమీక్షకుల నివేదికలను పత్రంతో పాటు బయటపెట్టే జర్నల్ అయితే ఇంకా సులువు. ఎఫ్1000రీసెర్చ్ మొదటినుంచీ పత్రాన్ని ముందు ప్రచురించి, సమీక్షలను సమీక్షకుల పేర్లతో సహా తరువాత చేరుస్తోంది. 2012లో మొదలైన ఈలైఫ్ 2023 నుంచి, సమీక్షకు తీసుకున్న పత్రాలపై ఆమోదం, తిరస్కారం అనే తీర్పే మానేసి, సమీక్షలనూ ఎడిటర్ల అంచనానూ పత్రం పక్కనే పెడుతోంది. బ్రిటిష్ వైద్య జర్నల్ బీఎంజే కూడా పరిశోధన పత్రాల సమీక్ష చరిత్రను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ఆ నివేదికలు రెండు మూడు చదివితే సమీక్షకుడు పట్టికల దాకా వెళ్ళాడో, ‘చక్కగా రాశారు, భాష సరిచూసుకోండి’ అని వదిలేశాడో ఇట్టే తెలిసిపోతుంది.

ఓపెన్ యాక్సెస్ అన్నంత మాత్రాన అనుమానించనక్కరలేదు. ప్లాస్ మెడిసిన్ 2004 నుంచి గట్టి సమీక్షతోనే నడుస్తోంది. అయితే రచయిత రుసుము మీద ఆధారపడే పద్ధతిలో, ఎన్ని పత్రాలు ఆమోదిస్తే అంత రాబడి అనే ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. వైలీ సంస్థ 2021లో కొన్న హిందావి జర్నళ్ళలో అతిథి ఎడిటర్లు నడిపిన ప్రత్యేక సంచికల ద్వారా నకిలీ పత్రాలు పెద్ద ఎత్తున చొరబడ్డాయి. 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పత్రాలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. మీకు ప్రత్యేక సంచికకు రాయమని ఆహ్వానం వచ్చి ఉంటే మాత్రం మరింత జాగ్రత్తగా ఉండండి.

సమాధానం: నిదానమే మేలు

పాత ఎడిటర్ గారి మాట సబబే గానీ, వైద్యంలో తొందర వల్ల జరిగే నష్టం మిగిలిన శాస్త్రాల్లో జరిగే నష్టం లాంటిది కాదు. కోవిడ్ కాలంలో ఐవర్‌మెక్టిన్ అద్భుతంగా పనిచేస్తోందని చెప్పిన ఒక ప్రీప్రింట్ (సమీక్షకు ముందే ఇంటర్నెట్‌లో పెట్టే పత్రం) 2020 నవంబరులో రీసెర్చ్ స్క్వేర్‌లో వచ్చింది. దాని సమాచారం విశ్వసనీయతపై తీవ్రమైన ఆరోపణలు రావడంతో 2021 జులైలో తొలగించారు. అప్పటికే అది, అనేక పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కించే మెటా-ఎనాలిసిస్‌లలోకి ఎక్కి, ప్రపంచమంతా తిరిగింది. తొలగించిన పత్రాన్ని జనం తలలోంచి తొలగించలేము. మీ ప్రొఫెసర్ గారి మాట వినడమే మంచిదని నా అభిప్రాయం.

సమాధానం: గణాంక విభాగం

నిదానమే మేలు గారు చెప్పిన ఉదాహరణ నిజమే. కానీ అదే 2020లో పీర్ రివ్యూ పూర్తయిన పత్రానికి ఏమైందో కూడా చూడాలి. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల కోవిడ్ రోగుల్లో మరణాలు పెరుగుతున్నాయని, ఆరు ఖండాల్లోని 671 ఆసుపత్రులకు చెందిన 96,032 మంది సమాచారం ఆధారంగా తేలిందని చెప్పిన పత్రం మే 22న లాన్సెట్‌లో వచ్చింది. ఆ పత్రం చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు ఇవ్వడాన్ని తాత్కాలికంగా ఆపింది. సర్జిస్ఫియర్ అనే సంస్థ సమకూర్చిందన్న ఆ సమాచారాన్ని స్వతంత్ర పరిశీలనకు ఇవ్వకపోవడంతో జూన్ 4న పత్రం ఉపసంహరణకు గురైంది. సమీక్షకులు మూల సమాచారాన్ని చూడనే లేదు; ప్రచురితమయ్యాక బయటి శాస్త్రవేత్తలు వరుసగా ప్రశ్నలు వేయడం వల్లనే విషయం బయటపడింది. కాబట్టి మీ పత్రానికి విశ్వసనీయత కావాలంటే, అది ఏ జర్నల్ అన్నదానికన్నా, ట్రయల్‌ను ముందుగానే నమోదు చేశారా, ప్రోటోకాల్ (ట్రయల్ ప్రణాళిక) అందుబాటులో ఉందా, గుర్తింపు వివరాలు తీసేసిన సమాచారాన్ని అడిగినవారికి ఇవ్వగలరా అన్నవి ముఖ్యం.

ఇక విజువల్ అబ్‌స్ట్రాక్ట్. 2016లో ఆండ్రూ ఇబ్రహీం అనే సర్జన్ ‘ఆనల్స్ ఆఫ్ సర్జరీ’లో దీన్ని ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాది ఆయన బృందం ప్రచురించిన పోలికలో, బొమ్మతో పెట్టిన ట్వీట్లు శీర్షిక మాత్రమే పెట్టినవాటికన్నా సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువగా కనిపించాయి. పత్రం దాకా వెళ్ళినవారు మాత్రం మూడు రెట్లకు కొంచెం తక్కువగా పెరిగారు. ఈ రెండు అంకెల మధ్య తేడాయే అసలు సంగతి. బొమ్మ చూసినవారిలో చాలామంది బొమ్మ దగ్గరే ఆగిపోతారు కాబట్టి, బొమ్మ ఒక్కటే చూసినవాడు కూడా తప్పు చికిత్స చేయని విధంగా దాన్ని గీయాలి.

ఇది ఎంత కష్టమో, బ్రిటన్‌లో కోవిడ్ మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్‌ను తీసుకుంటే తెలుస్తుంది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఫలితాన్ని 2020 జూన్ 16న ప్రకటించారు, జూన్ 22న వైద్య ప్రీప్రింట్ల వేదిక మెడ్‌ఆర్కైవ్‌లో ప్రీప్రింట్ పెట్టారు, జులై 17న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సమీక్షిత పత్రం వచ్చింది. మొత్తం మీద 28 రోజుల్లో మరణాలు 25.7 శాతం నుంచి 22.9 శాతానికి తగ్గాయి. ఈ ఒక్క అంకెకు కిందికి చూపే బాణం గీసి, పైన ఒక సిరంజి బొమ్మ పెడితే అందమైన విజువల్ అబ్‌స్ట్రాక్ట్ తయారవుతుంది, అది ప్రమాదకరంగానూ ఉంటుంది. ఎందుకంటే వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2 నుంచి 23.3 శాతానికి తగ్గగా, ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మందు తీసుకున్నవారిలో 17.8, తీసుకోనివారిలో 14.0 శాతం మరణించారు. ఈ చివరి తేడా యాదృచ్ఛికం కావచ్చు గానీ, వారికి లాభం ఉందనడానికి మాత్రం ఆధారం లేదు. ఆ మూడో గడి బొమ్మలో లేకపోతే, జ్వరం, దగ్గు తప్ప ఏమీ లేని రోగికి కూడా స్టెరాయిడ్ రాసేవారు తయారవుతారు.

మీ ట్రయల్‌కు వస్తే, నొప్పి స్కోరును 0 నుంచి 10 దాకా ఉన్న పూర్తి గీత మీద చూపించండి. అక్షాన్ని 3 దగ్గర మొదలుపెట్టి 4 దగ్గర ఆపేస్తే అర పాయింటు తేడా కొండంత కనిపిస్తుంది. ట్రయల్ చిన్నదంటున్నారు కనుక బార్ గ్రాఫ్ మానేసి రోగికొక చుక్క పెట్టండి. సగటు, దాని మీద అస్థిరతను చూపే ఒక మీసం లాంటి గీత ఉన్న ఒకే రకమైన బార్ గ్రాఫ్ వెనుక పూర్తిగా వేరువేరు పంపిణీలు దాగి ఉండగలవని 2015లో ప్లాస్ బయాలజీలో ట్రేసీ వైస్‌గెర్బర్ బృందం చూపించింది. ‘40 శాతం తగ్గుదల’ అని పెద్ద అక్షరాలతో రాయకండి, వందమందిలో ఎంతమందికి అదనపు మందు అవసరం తప్పిందో రాయండి. ఎరుపు, ఆకుపచ్చ జంటను కూడా వదిలేయండి. ఐరోపా మూలాలున్న పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఆ రెండింటినీ వేరుచేయడం కష్టం.

కృత్రిమ మేధతో బొమ్మలు గీయించుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారేమో. 2024 ఫిబ్రవరిలో ఒక ఫ్రాంటియర్స్ జర్నల్‌లో అలా గీయించిన ఎలుక బొమ్మ, అర్థంలేని అక్షరాల లేబుళ్ళతో సహా, సమీక్షను దాటుకొని అచ్చయి, కొద్ది రోజుల్లోనే ఉపసంహరణకు గురైంది. అంతకు మించి చెప్పనక్కరలేదు.

సమాధానం: రేడియాలజీ గది

పైవారెవరూ లైసెన్సు సంగతి ఎత్తలేదు. మీ పత్రంలో అల్ట్రాసౌండ్ చిత్రాలూ, వీడియో కూడా ఉంటాయి కనుక అదే మీకు ముఖ్యం. ఓపెన్ యాక్సెస్ పత్రాలు చాలావరకు సీసీ బై లైసెన్సుతో వస్తాయి. దాని ప్రకారం మూలాన్ని పేర్కొన్నవారెవరైనా ఆ చిత్రాన్ని పాఠ్యపుస్తకంలో, వాణిజ్య వెబ్‌సైట్‌లో, అనువాదంలో వాడుకోవచ్చు, దాన్ని మార్చి గీయవచ్చు. బోధనకు ఇది వరమే. కానీ ఒకసారి ఇచ్చిన ఆ అనుమతిని వెనక్కు తీసుకోలేరు. అందువల్ల రోగి దగ్గర తీసుకునే సమ్మతి పత్రంలో ‘జర్నల్‌లో ప్రచురణకు’ అని మాత్రమే ఉంటే చాలదు. ఆ చిత్రాన్ని ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చని, తిరిగి వాడవచ్చని, తరువాత తీసేయడం సాధ్యం కాదని రోగికి అర్థమయ్యే మాటల్లో రాసి ఉండాలి.

కళ్ళ మీద నల్లటి పట్టీ వేస్తే సరిపోతుందన్న పాత అలవాటును వైద్య జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఎప్పుడో తోసిపుచ్చింది. తల ఎంఆర్ఐ నుంచి ముఖాన్ని పునర్నిర్మించి, ఫోటోతో సరిపోల్చి ఆ వ్యక్తిని గుర్తుపట్టవచ్చని 2019లో మేయో క్లినిక్ పరిశోధకులు నిరూపించారు. మీ విషయంలో ప్రమాదం ఇంకా చిన్న చోట దాగి ఉంటుంది. అల్ట్రాసౌండ్ తెర పై అంచున రోగి పేరు, నంబరు, తేదీ చిత్రంలోనే కలిసిపోయి ఉంటాయి. ఫైలు లోపలి వివరాలు చెరిపినంత మాత్రాన అవి పోవు. పవర్‌పాయింట్‌లో అంచు కత్తిరించినా మాయమైనట్టు కనిపిస్తుందే తప్ప, కత్తిరించిన భాగాలను విడిగా తొలగించకపోతే అసలు చిత్రం ఆ ఫైల్లోనే ఉండిపోతుంది, ఎవరైనా లాగి చూడవచ్చు. వీడియోలో అయితే మాటలు కూడా వినండి. గదిలో ఎవరో ఒకరు రోగిని పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు.

శ్రావణమేఘం

అందరికీ ధన్యవాదాలు. సమ్మతి పత్రాన్ని ఈ రోజే తెరిచి చూశాను. రేడియాలజీ గది గారు చెప్పిన వాక్యాలు అందులో లేవు, కాబట్టి రోగుల చిత్రాలకు బదులు గీసిన రేఖాచిత్రాలనే వాడతాము, వీడియో పంపము. ఇక మిగిలింది రుసుము. మా ట్రయల్‌కు గ్రాంటు లేదు. రుసుము కట్టలేకపోతే చందా జర్నల్ తప్ప దారి లేదా?

పాత ఎడిటర్

ఉంది. ముందు ఆ ఓపెన్ యాక్సెస్ జర్నల్‌కే, పత్రం పంపకముందే, రుసుము మినహాయింపు ఉందేమో రాయండి; ఆమోదం తరువాత అడిగితే వినని జర్నళ్ళు చాలా ఉన్నాయి. రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా డబ్బు తీసుకోకుండా, విద్యాసంస్థలు లేదా వృత్తి సంఘాలు నడిపే డైమండ్ జర్నళ్ళు కూడా ఉన్నాయి. డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళ జాబితాలో రుసుము లేనివాటిని విడిగా వెతకవచ్చు.

మీ ప్రొఫెసర్ గారి జర్నల్‌కు పంపినా తలుపులన్నీ మూసుకుపోవు. ఇంతకుముందే బయటపెట్టిన దాన్ని అచ్చువేసేది లేదన్న ఇంగెల్‌ఫింగర్ నియమాన్ని 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ పెట్టినప్పటి రోజులు కావివి. ఇప్పుడు చాలా వైద్య జర్నళ్ళు ప్రీప్రింట్‌ను ముందస్తు ప్రచురణగా లెక్కించవు. పంపే రోజునే మెడ్‌ఆర్కైవ్‌లో పెట్టవచ్చు. సమీక్ష జరగలేదని, చికిత్సకు ఆధారంగా వాడకూడదని వాళ్ళే హెచ్చరిక వేస్తారు. సమీక్ష పూర్తయ్యాక, జర్నల్ ముద్రణ రూపం దిద్దకముందున్న ఆమోదిత ప్రతిని సంస్థ భాండాగారంలో ఉంచడానికి ఎన్నాళ్ళు ఆగాలో ఆ జర్నల్ నిబంధనల్లో ఉంటుంది. ఆ ఒక్క పేరా చదివి ప్రొఫెసర్ గారికి చూపించండి, ఆపైన కాపీరైట్ పత్రం మీద సంతకం చేయండి.